విడాకుల తర్వాత ఎవరి దగ్గర కూర్చోవాలి? బెంగళూరులో తెలుగు క్రైస్తవ స్త్రీకి ఉన్న దారులు

నా సంగతి మా సంఘంలో బయటపడింది ప్రార్థన మనవిగా. అప్పట్లో కె.ఆర్.పురంలో ఒక తెలుగు సంఘానికి వెళ్ళేదాన్ని. ఇల్లు వదిలి వచ్చేశానని, బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటున్నానని బుధవారం స్త్రీల కూడిక అయ్యాక ఒక్క అక్కతో చెప్పాను. ఆమెది మంచి మనసే. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో పెట్టింది: ఫలానా సిస్టర్ కుటుంబం తిరిగి కలవాలని ప్రార్థించండి, ఇప్పుడు బీటీఎంలో పీజీలో ఒంటరిగా ఉంటోంది అని. శుక్రవారానికల్లా ఆ మెసేజ్ ఒంగోలులో మా ఆడపడుచు ఫోన్లో ఉంది. శనివారం పొద్దున్న ఆయన బుల్లెట్ బండి మా పీజీ గేటు ముందు ఆగింది.

అది మొదలు విడాకులు వచ్చేదాకా, వచ్చాక మరో రెండేళ్ళు, ఈ ఊళ్ళో ఆదరణ ఇస్తామన్న చాలా చోట్లకు తిరిగాను. పాస్టర్లు, కౌన్సెలర్లు, ఆసుపత్రి, సపోర్ట్ గ్రూపు, స్వస్థత కూటాలు, అన్నీ చూశాను. ఎవరైనా చెల్లెలు ఇప్పుడు నన్ను సలహా అడిగితే ఒకటే చెబుతాను. ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజే ఈ మాట అడుగు: "ఆయన మీకు ఫోన్ చేసి నా గురించి అడిగితే ఏం చెబుతారు?" వాళ్ళు ఎంత బాగా ప్రార్థిస్తారు, ఎన్ని డిగ్రీలు చదివారు అన్నది తర్వాత. ఈ ప్రశ్నకు తడుముకునేవాళ్ళ దగ్గర కడుపులోని మాట చెప్పకు.

ఒక సంగతి ముందే చెప్పాలి. విడాకుల కాగితం చేతికొచ్చినా కొందరి మొగుళ్ళు వెంటపడటం మానరు. మీకింకా అలాంటి భయం ఉంటే ఆదరణ వెతుక్కోవడం రెండో పని. మొదట 112కు గానీ, స్త్రీల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం కింద, మీరు ఆంధ్రా నుంచి పారిపోయి వచ్చి ఇక్కడ తాత్కాలికంగా ఉంటున్నా సరే, ఇక్కడి మేజిస్ట్రేట్ కోర్టులోనే రక్షణ అడగొచ్చు. ఊరికి తిరిగి వెళ్ళి కేసు వేయాలన్నది అపోహ. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్ళకు ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. దానికి ఫోన్ నంబరు 15100. ఫ్యామిలీ కోర్టు ఉన్నది సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగుల భవనంలో.

ఇక దారుల సంగతి.

తెలుగు సంఘం

మారతహళ్ళి, కె.ఆర్.పురం, హెబ్బాళ, ఎలక్ట్రానిక్ సిటీ, ఎటు వెళ్ళినా తెలుగు ఆరాధన దొరుకుతుంది. ఇక్కడ దొరికేది ఇంకెక్కడా దొరకదు. మన భాషలో ఏడవొచ్చు. జ్వరమొస్తే చారన్నం పంపే మనిషి ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు మంచం దించడానికి నలుగురు యూత్ పిల్లలు వస్తారు. దెబ్బలు తిని వచ్చిన మనిషికి ఇవి చిన్న విషయాలు కావు.

చిక్కు ఎక్కడంటే, చాలామంది అయ్యగార్లు భర్త కొట్టడాన్ని కూడా కుటుంబ కలహంగా చూస్తారు. కలహమంటే ఇద్దరికీ తలా కాస్త తప్పు, కాబట్టి ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేయాలి. మామూలు గొడవలకు ఆ పద్ధతి పనికొస్తుంది. కానీ ఒకరు కొట్టేవారు, ఒకరు దెబ్బలు తినేవారు అయినప్పుడు, ఆయన పక్క కుర్చీలో కూర్చుని ఉండగా ఆమె నోరు ఎలా పెగులుతుంది? నేను కూర్చున్నాను అలాగే, పాస్టరుగారి ముందు గదిలో. మా ఆయన చక్కగా ఏడ్చాడు. నేను ఏడవలేకపోయాను. మర్నాడు సంఘమంతా నా గుండె కఠినమైందని అనుకుంది.

అక్కడ అందరూ నాకు వినిపించిన వాక్యం మలాకీ 2:16. భార్యను పరిత్యజించడం దేవునికి అసహ్యం. నిజమే, ఉంది. కానీ ఆ వచనం అక్కడితో అయిపోదు. మన తెలుగు బైబిల్లో అదే వచనంలో ఆ వెంటనే, వస్త్రాలను బలాత్కారంతో, అంటే హింసతో, నింపుకునేవాడు కూడా దేవునికి అసహ్యమని ఉంది. సగం చదివి ఆపేసే చోట సగం ఆదరణే దొరుకుతుంది. మీరు వెళ్ళే సంఘంలో ఆ రెండో సగం ఎప్పుడైనా ప్రసంగంలో వచ్చిందా అని గుర్తు చేసుకోండి.

క్షమాపణ గురించి కూడా తప్పకుండా చెబుతారు. క్షమించావు కదా, మరి తిరిగి వెళ్ళడానికేం అంటారు. అప్పుడు మొదటి సమూయేలు 26వ అధ్యాయం తీసి చూపించండి. తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజును దావీదు చంపగలిగీ చంపలేదు, అదీ రెండోసారి. సౌలు పశ్చాత్తాపపడి, నాయనా తిరిగి రా, ఇక నీకు కీడు చేయను అన్నాడు. దావీదు తాను తీసుకెళ్ళిన సౌలు ఈటెను తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత తన దారిన తాను వెళ్ళిపోయాడు, సౌలు తన చోటికి వెళ్ళాడు. క్షమించడం జరిగింది. మళ్ళీ ఆ ఇంట్లో కాపురం ఉండటం జరగలేదు. ఈ రెంటినీ విడదీసి చెప్పగల పాస్టరు దొరికితే ఎంత దూరమైనా ఆదివారం బస్సెక్కి వెళ్ళొచ్చు.

సంఘాన్ని ఎంచుకునేటప్పుడు సిగ్గుపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. విడాకులైన స్త్రీని ప్రభువు బల్లకు రానిస్తారా? సండే స్కూల్లో పాఠం చెప్పనిస్తారా? కొన్ని చోట్ల నోటితో కాదనరు, మెల్లగా క్వయర్‌లోంచి పేరు తీసేస్తారు. రెండో పెళ్ళి విషయంలో మత్తయి 19ని, మొదటి కొరింథీ 7:15ని ఒక్కో సంఘం ఒక్కోలా చదువుతుంది. ఆ చర్చ మొదటి ఏడాది మీకు అక్కర్లేదు, ఎవరైనా లాగినా పోవద్దు. ఇంకొకటి, సంఘమంతటికీ చెప్పుకోనక్కర్లేదు. ఒక్క పెద్దావిడను ఎంచుకోండి, ఫోను తక్కువ వాడేవారైతే ఇంకా మంచిది. ప్రార్థన మనవి ఇవ్వాల్సి వస్తే పేరు, ఊరు, ఇల్లు లేకుండా ఇవ్వండి. దేవునికి అడ్రస్ తెలుసు.

సపోర్ట్ గ్రూపు

పెద్ద ఇంగ్లీషు సంఘాల వైపు వెళ్తే విడాకులైనవారి కోసం గ్రూపులు కనిపించవచ్చు. వీటిలో పేరున్నది డివోర్స్‌కేర్. అమెరికాలో 1993లో మొదలైన పద్ధతి, 13 వారాలు. ప్రతి వారం ఒక వీడియో చూసి, తర్వాత గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఒంటరితనం, కోపం, డబ్బు, పిల్లలు, క్షమాపణ, రాజీ, ఇలా వారానికో విషయం. నాకు ఇందులో నచ్చింది దానికి ఒక ముగింపు ఉండటం. పదమూడో వారం వస్తుందని తెలుసు కాబట్టి ఒక్కో మంగళవారాన్ని దాటగలిగాను.

అయితే అది విడాకుల కోసం తయారైంది, హింస కోసం కాదు. భార్య వదిలేసి వెళ్ళిన మగాయన, కొట్టే భర్తను వదిలి వచ్చిన ఆడమనిషి ఒకే వలయంలో కూర్చుంటారు. మా గ్రూపులో ఒకాయన ప్రతి వారం "నా భార్య కేసులు పెట్టి నన్ను నాశనం చేసింది" అనేవాడు. అతను చెప్పింది నిజమేనేమో, నాకు తెలియదు. కానీ అతని గొంతు లేచినప్పుడల్లా నా చేతులు చల్లబడిపోయేవి. అందుకే చేరేముందు ఆడవాళ్ళకు విడిగా గ్రూపు ఉందా, హింస నుంచి వచ్చినవాళ్ళను నడిపించిన అనుభవం లీడరుకు ఉందా అని అడగండి. రాజీ పాఠం ఉన్న వారం మానేస్తానంటే ఒప్పుకుంటారా అని కూడా అడగండి. ఒప్పుకున్నారు మావాళ్ళు. భాష సంగతి మీరే ఆలోచించుకోవాలి. ఆఫీసు ఇంగ్లీషు వేరు, ఏడుపు ఇంగ్లీషు వేరు.

ఆయన ఫోన్ చేస్తే? గ్రూపులో చెప్పింది బయట చెప్పకూడదని నియమం పెడతారు. కానీ పదిమంది ఉన్నచోట అది నియమమే, హామీ కాదు.

కాథలిక్కులైతే

కాథలిక్ అక్కచెల్లెళ్ళ మనసులో పాతుకుపోయిన భయం ఒకటుంది, విడాకులు తీసుకుంటే దివ్యసత్ప్రసాదం (ప్రభువు బల్ల) ఇవ్వరని. అది తప్పు. విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉన్నవారికి ఆ కారణంగా అడ్డేమీ లేదు. భాగస్వామి వల్ల శరీరానికో ఆత్మకో ఘోరమైన ప్రమాదం ఉంటే విడిగా బతకడానికి న్యాయమైన కారణం ఉన్నట్టేనని సభ, అంటే కాథలిక్ చర్చి, ధర్మశాస్త్రంలో 1153వ నియమం చెబుతోంది. పోప్ ఫ్రాన్సిస్ 2016లో రాసిన ఉపదేశంలో ఇంకా ముందుకు వెళ్ళి, కొన్ని సందర్భాల్లో విడిపోవడం నైతికంగా అవసరం కూడా అన్నారు. ఫాదర్‌గారు అనుమానపడితే మర్యాదగా ఈ రెండూ గుర్తు చేయండి.

వివాహం మొదటి నుంచీ చెల్లలేదని సభ ట్రిబ్యునల్, అంటే చర్చి సొంత కోర్టు, ప్రకటించడం వేరే సంగతి. 2015లో మార్పులు వచ్చాక రెండో కోర్టు తప్పనిసరిగా ధ్రువీకరించాలన్న నియమం పోయింది, దారి కాస్త తేలికైంది. పిల్లలు అక్రమ సంతానం అవుతారన్న భయం అక్కర్లేదు, సభ చట్టమే ఆ మాట అనదు. కానీ రెండు విషయాలు తెలుసుకుని వెళ్ళండి. సభ తీర్పుకు దేశ చట్టంలో విలువ లేదు. 1996లో ఒకసారి, 2017లో ఇంకోసారి సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. కాబట్టి 1869 నాటి విడాకుల చట్టం కింద కోర్టు డిక్రీ ఎలాగూ కావాలి. రెండోది మన ప్రశ్న. ట్రిబ్యునల్ ఆయనకు తప్పకుండా కబురు పంపుతుంది, ఎదుటి పక్షానికి చెప్పకుండా విచారణ నడపరు. తప్పు కాదు, న్యాయమే అది. కాకపోతే మీ కొత్త చిరునామా అతనికి వెళ్ళే కాగితాల్లో లేకుండా చూడమని దరఖాస్తు ఇచ్చే రోజే చెప్పండి. గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఇది మొదలుపెట్టకండి. పెళ్ళి నాటి సంగతులన్నీ తవ్వి రాయమంటారు, రాసేటప్పుడు మనిషి మళ్ళీ అక్కడికే వెళ్ళిపోతుంది.

కౌన్సెలరా, డాక్టరా

నాకు ఎక్కువ మేలు జరిగింది ఇక్కడ, ఎక్కువ డబ్బు పోయిందీ ఇక్కడే.

మొదట క్రైస్తవ కౌన్సెలర్ అన్న ఒకావిడ దగ్గరికి వెళ్ళాను, గంటకు 1,200. ప్రతిసారీ ప్రార్థనతో మొదలు, ప్రార్థనతో ముగింపు. మధ్యలో నేను ఎక్కడ లోబడలేదో వెతుక్కునే పని. నాలుగుసార్లు వెళ్ళి మానేశాను. మనదేశంలో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి పెద్ద అడ్డేమీ లేదు. మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ కౌన్సెలరే, రెండేళ్ళ పోస్ట్ గ్రాడ్యుయేషన్ చేసినవారూ కౌన్సెలరే. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి, అడిగితే మంచివాళ్ళు నొచ్చుకోరు.

తర్వాత వెళ్ళినామె క్రైస్తవురాలు కాదు. తొలిరోజు ఆమె అడిగింది నా పెళ్ళి గురించి కాదు. "రాత్రి పడుకునే ముందు తలుపు గడియ ఎన్నిసార్లు చూసుకుంటారు?" అంది. నాలుగుసార్లు అన్నాను. "కుర్చీ కూడా అడ్డం పెడతారా?" నేను తలెత్తి చూశాను. ఆ సంగతి నా పక్క బెడ్ అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. బుల్లెట్ బండి చప్పుడు వింటే కడుపులో తిప్పడం, పొద్దున్నే లేవలేకపోవడం, దేవుని మీద కోపం వచ్చి ఆ కోపానికి భయపడటం, ఇవన్నీ విశ్వాసం తక్కువై వచ్చినవి కావని, దెబ్బతిన్న శరీరం తనను తాను కాచుకునే తీరని ఆమె చెబుతుంటే నాకు మొదటిసారి ఊపిరి ఆడింది. ప్రార్థన గురించి ఏమంటారని అడిగాను. "మీకు బలమిస్తే మానొద్దు, భయపెడితే ఎందుకు భయపెడుతుందో మాట్లాడుకుందాం" అంది. నాకు అంతే కావాలి.

కాబట్టి నా తీర్పు ఇది. విశ్వాసమూ, చదువూ రెండూ ఉన్న మనిషి దొరికితే అదృష్టం. ఏదో ఒకటే దొరికితే చికిత్సకు చదువున్న మనిషిని ఎంచుకోండి, ప్రార్థనకు సంఘంలో మనుషులున్నారు. మీ విశ్వాసాన్ని వెక్కిరించని అన్యురాలు, మీ గాయాన్ని వెక్కిరించే విశ్వాసి కంటే మేలు.

ఖర్చుకు భయపడితే బెంగళూరులో ఉన్నందుకు ఒక లాభం ఉంది. హోసూరు రోడ్డులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. ఆసుపత్రి అంటే బెరుకైతే బీటీఎం లేఅవుట్‌లో వాళ్ళదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది, అక్కడ పిచ్చాసుపత్రికి వచ్చామన్న ఇబ్బంది ఉండదు. క్రైస్తవ వాతావరణం కావాలంటే కోరమంగళలో సెయింట్ జాన్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. హెబ్బాళలో 1973 నుంచి నడుస్తున్న బాప్టిస్ట్ ఆసుపత్రిలో చాప్లిన్లు, అంటే రోగుల దగ్గర కూర్చుని ప్రార్థించేవాళ్ళు, కూడా ఉంటారు. అర్ధరాత్రి గుండె దడ పుడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, ఉపవాస ప్రార్థన అయ్యాక చూద్దాం అనుకోవద్దు. మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టు అనేవాళ్ళు బీపీ మాత్ర మానేశారేమో కనుక్కోండి.

ఆయన ఫోన్ చేస్తే? 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వైద్య సంగతులు గోప్యంగా ఉంచడం వాళ్ళ బాధ్యత. నా సైకాలజిస్ట్ జవాబు ఇంకా సూటిగా ఉంది: "మీరు ఇక్కడికి వస్తారన్న సంగతి కూడా చెప్పను."

స్వస్థత కూటాలు, యూట్యూబ్ ప్రార్థనలు

ఎక్కువ చెప్పను. పాటలు వింటూ ఏడ్చి తేలికపడటానికి మంచివే. వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పమంటే మాత్రం వద్దు. అది రికార్డవుతుంది, ఆయన ఫోన్ చేయనక్కర్లేకుండానే చూస్తాడు. కానుక వేస్తే కాపురం కలుస్తుందనే చోటి నుంచి చెప్పులేసుకుని వచ్చేయండి.

సంఘం బయట ఉన్నవాళ్ళు

స్త్రీల సంఘాలకు వెళ్తే విశ్వాసం పోతుందని భయపెట్టారు నన్ను. విమోచన ఈ ఊళ్ళో 1979 నుంచి హింసకు గురైన ఆడవాళ్ళ పక్షాన పనిచేస్తోంది. నన్నెవరూ మతం గురించి అడగలేదు. పోలీస్ కమిషనర్ ఆఫీసులో వనితా సహాయవాణి ఉంది, అక్కడ కౌన్సెలింగ్ కూడా చేస్తారు. కాకపోతే అక్కడ ఇద్దర్నీ పిలిపించి మాట్లాడటం మామూలే. ఆయనతో ఒకే గదిలో కూర్చోలేనని ముందే చెప్పండి, సిగ్గేమీ లేదు. ఇక్కడ ఆత్మీయ ఆదరణ దొరకదు, ధైర్యం దొరుకుతుంది. భయం తీరనిదే మిగతా ఆదరణేదీ ఒంటబట్టదని నా అనుభవం.

మరి ఏది ముందు? వెంటపడతాడన్న భయం ఉంటే చట్టం, స్త్రీల సంఘం ముందు, చర్చి తర్వాత. భయం లేదు గానీ నిద్ర లేదంటే డాక్టరు, దాంతోపాటు ఒక పెద్దావిడ. నిద్ర పడుతోంది గానీ ఆదివారం గుడి మెట్లెక్కాలంటే కాళ్ళు రావట్లేదంటే అప్పుడు సపోర్ట్ గ్రూపు, లేదా ఎవరూ మిమ్మల్ని గుర్తుపట్టని కొత్త సంఘంలో వెనక బెంచీ. పిల్లలుంటే సండే స్కూల్ టీచరుకు ఒక్క ముక్క చెప్పి ఉంచండి: పికప్‌కు నేను తప్ప ఎవరొచ్చినా పంపొద్దు అని. నాన్నను ప్రేమించాలి అనే పాఠం వచ్చే వారం మీరే దగ్గర కూర్చోండి.

నేను చివరికి కుదురుకున్నది రామమూర్తినగర్ దగ్గర ఒక చిన్న సంఘంలో. నలభై మందికి మించి ఉండరు. పాస్టరమ్మకు అరవై దాటాయి, పదో తరగతి చదివింది. ఒకరోజు ఆమె వంటింట్లో కూర్చుని ఇద్దరం గోంగూర ఒలుస్తున్నాం. ఆమె ఫోన్ మోగింది. నంబరు ఎక్కడ దొరికిందో ఏమో, ఆయనే. స్పీకర్లో పెట్టలేదు కాబట్టి ఆమె మాటలే వినిపించాయి.

"వందనాలు నాయనా... ఆ, తెలుసు... బాగుంది, క్షేమంగా ఉంది... లేదు, చెప్పను... నువ్వు పాస్టర్‌గారితో మాట్లాడినా ఆయనా ఇదే చెబుతారు... నీకోసం కూడా ప్రార్థన చేస్తాం, ఉంటాను."

ఫోన్ పక్కన పెట్టి ఇంకో గోంగూర కట్ట విప్పింది. నా చేతులు ఆగిపోయి ఉన్నాయని చూసి, కాడలు నా ఒళ్ళోంచి తీసుకుని తనే ఒలవసాగింది.